అగ్నిమాపక బిల్లులూ, ఖాళీగా మిగిలే ఆఖరి గడులూ

శాసనసభ సమావేశాలు మొదలయ్యే వారం వచ్చిందంటే మా తమ్ముడు రోజుకొకసారి ఫోన్ చేస్తాడు. వరంగల్ చుట్టుపక్కల అగ్నిమాపక కేంద్రాలలో ముప్పై ఏళ్లు పనిచేసి లీడింగ్ ఫైర్‌మన్‌గా పదవీ విరమణ చేసినవాడు. కుశల ప్రశ్నలు పూర్తి కాకముందే, "అండ్ల మనోళ్ల ముచ్చట ఏమన్న ఉన్నదా అక్కా?" అని అడుగుతాడు. 'అండ్ల' అంటే సభ కార్యక్రమాల జాబితాలో అని అర్థం. హన్మకొండలో ఇంటర్మీడియట్ పిల్లలకు పౌరశాస్త్రం చెప్పిన నాకు, బిల్లు చట్టంగా మారే దశలు కంఠతా వచ్చినా, ఒక నిజమైన బిల్లు వెంట మొదటి నుంచి చివరిదాకా నడవడం మాత్రం ఉద్యోగం ముగిసిన తర్వాతే అలవాటైంది. తమ్ముడి కోసం మొదలుపెట్టిన ఈ పని ఇప్పుడు నా దినచర్యలో భాగమైపోయింది.

ఇందుకోసం ఒక పొడుగు నోటుపుస్తకం పెట్టుకున్నాను. అగ్నిమాపక సిబ్బందికి గానీ, పోలీసులకు గానీ, హోంగార్డులకు గానీ, నిప్పు నుంచి మనుషులను కాపాడే ఏర్పాట్లకు గానీ సంబంధించిన ప్రతి శాసన ప్రతిపాదనకూ అందులో ఒక వరుస ఉంటుంది. బిల్లు సంఖ్య, సభలో ప్రవేశపెట్టిన తేదీ, శాసనసభ ఆమోదించిన తేదీ, మండలి ఆమోదించిన తేదీ, గవర్నర్ సమ్మతి, రాజపత్రంలో ప్రచురణ, అమలు తేదీ, నియమావళి వెలువడిన తేదీ అని అడ్డంగా గడులు గీసుకున్నాను. మొదటి నాలుగైదు గడులు త్వరగానే నిండుతాయి. మన దగ్గర 119 మంది సభ్యుల శాసనసభ, 40 మంది సభ్యుల శాసన మండలి ఉన్నా, సాధారణ బిల్లును మండలి మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఒక నెల మించి ఆపలేదు కాబట్టి అక్కడ పెద్ద ఆలస్యం ఉండదు. సభ రద్దయితే మాత్రం శాసనసభలో పెండింగులో ఉన్న బిల్లు, సభ దాటి మండలిలో ఆగిన బిల్లు రెండూ రాజ్యాంగం 196వ అధికరణం ప్రకారం మురిగిపోతాయి. అందుకే ఎన్నికలు దగ్గర పడిన సంవత్సరంలో తెచ్చే బిల్లులను నేను కాస్త ఎక్కువ జాగ్రత్తగా చూస్తాను.

గవర్నర్ దగ్గర ఆగిపోవడం గురించి పత్రికలు బాగానే రాస్తాయి. 2023 మార్చిలో తెలంగాణ ప్రభుత్వమే పది బిల్లుల పెండింగు విషయమై సుప్రీంకోర్టుకు వెళ్లింది కాబట్టి ఆ దశ మన రాష్ట్ర పాఠకులకు కొత్త కాదు. కానీ నా పుస్తకం తిరగేస్తే ఎక్కువగా ఖాళీగా కనిపించేది ఆ గడి కాదు, వరుసలో ఆఖరి రెండు గడులు, అంటే అమలు తేదీ, నియమావళి. ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో విలీనం చేసే బిల్లు ఇందుకు నాకు తెలిసిన అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ. అది ఆర్థిక భారంతో కూడిన బిల్లు కావడంతో సభలో పెట్టడానికే గవర్నర్ అనుమతి కావలసి వచ్చింది, ఆ అనుమతి కోసం కార్మికులు రోడ్డెక్కారు. చివరకు 2023 ఆగస్టు 6న సభ ఆమోదించింది, సెప్టెంబరులో గవర్నర్ సమ్మతి కూడా లభించింది. ఆ రోజు మిఠాయిలు పంచుకున్న కార్మికుల సంఘాలే 2025 జనవరిలో ఇచ్చిన సమ్మె నోటీసులో విలీనాన్ని మళ్లీ ఒక డిమాండుగా రాయవలసి వచ్చింది. చట్టం ఏ రోజు నుంచి అమలవుతుందో ప్రభుత్వం వేరుగా ప్రకటిస్తుందని బిల్లులోనే ఒక వాక్యం ఉంటే, ఆ ప్రకటన వెలువడే వరకు మిగతా పేజీలన్నీ కాగితాలుగానే ఉండిపోతాయి. అప్పటి నుంచి ఏ బిల్లు చేతికి వచ్చినా నేను ముందు చదివేది మొదటి సెక్షన్‌లోని అమలు తేదీ ఉపవాక్యాన్నే.

మన రాష్ట్రంలో అగ్నిమాపక శాఖను నడుపుతున్న మూల చట్టం 1999 నాటిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన ఆ చట్టమే రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ పేరుతో కొనసాగుతోంది. దానికి అనుబంధంగా 2006లో వచ్చిన నియమావళి రుసుముల సంగతీ, నిరభ్యంతర పత్రాల సంగతీ చూసుకుంటుంది. సామాన్యులు ఎన్‌వోసీ అని పిలిచే ఆ పత్రానికి ఆధారం చట్టంలోని 13వ సెక్షన్. దాని ప్రకారం 18 మీటర్లు, అంతకు మించిన ఎత్తుతో కట్టబోయే నివాస భవనాలకు, 15 మీటర్లు, ఆ పైన ఉండే వాణిజ్య భవనాలకు, జనం పెద్ద సంఖ్యలో గుమికూడే భవనాలైతే 500 చదరపు మీటర్ల స్థలం లేదా 6 మీటర్ల ఎత్తు దాటితేనే, ముందుగా అగ్నిమాపక శాఖ అనుమతి తీసుకోవాలి. ఈ కొలతలను కాదనడానికి వీల్లేదు, ఎత్తైన భవనంలో మంట పుడితే నిచ్చెన అందదు, మనుషులు దిగలేరు. కానీ ఆ కొలతల కింద పడిపోయే ఇళ్ల సంగతి ఎవరు చూడాలన్నది నన్ను చాలాకాలంగా పట్టి పీడిస్తున్న ప్రశ్న.

2025 మే 18న హైదరాబాద్ గుల్జార్‌హౌజ్‌లో 17 మందిని బలిగొన్న ఇల్లు ఆకాశహర్మ్యం కాదు. కింద దుకాణాలు, పైన కుటుంబం, లోపలికి పోవడానికీ బయటికి రావడానికీ ఒకే ఇరుకు దారి ఉన్న పాతకాలపు ఇల్లు. ఈ వర్ణన చదివిన వరంగల్ వాసికి చౌరస్తా గుర్తుకు రాకుండా ఉండదు, జేపీఎన్ రోడ్డు గుర్తుకు రాకుండా ఉండదు. కింద బట్టల దుకాణం, మెట్ల కింద అట్టపెట్టెలు, మీటర్ బోర్డు పక్కనే జనరేటర్, ఆ పైన ఇద్దరు ముగ్గురు పిల్లలున్న సంసారం. అటువంటి ఇంటికి మా బంధువులలోనే కొందరు అద్దె కడుతున్నారు. ఎత్తును మాత్రమే కొలిచే చట్టానికి ఆ ఇల్లు కనబడదు. భవనాన్ని దేనికి వాడుతున్నారు, రాత్రిపూట అందులో ఎందరు పడుకుంటున్నారు, బయటపడే దారులు ఎన్ని అనే లెక్కతో చూసే చట్టానికి తప్పక కనబడుతుంది. రాబోయే ఏ సవరణలోనైనా నేను వెతికేది ఈ మార్పు కోసమే.

పాత భవనాల మాట కూడా అంతే. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు చనిపోయారు. వాళ్లు మన వైపు పిల్లలు, వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం ప్రాంతాల నుంచి ఉద్యోగానికి వెళ్లి, ఆ నెల జీతంతో ఇంటికి సాయపడాలనుకున్నవాళ్లు. వాళ్లను చంపింది మంట కాదు, పొగ. నేను పాఠం చెప్పిన పిల్లల వయసువాళ్లు కావడంతో ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొత్తగా కట్టేవాళ్లను అనుమతి అడిగే 13వ సెక్షన్ ఎంత పదునుగా ఉన్నా, ఎప్పుడో కట్టి, అంతస్తులు అద్దెలకిచ్చి, మెట్ల దారిలో సామాన్లు నింపిన భవనాన్ని ఏటా వెళ్లి చూసే మనుషులూ, చూసి తాళం వేసే అధికారమూ లేకపోతే ఆ పదును ఎవరికీ ఉపయోగపడదు.

ఉత్తర తెలంగాణలో మంటల స్వభావం వేరు. అక్టోబరు నుంచి ఎనుమాముల మార్కెట్‌కు పత్తి రావడం మొదలవుతుంది, ఎండలు ముదిరే నాటికి మిర్చి కుప్పలు పోస్తారు. జిన్నింగ్ మిల్లులలో నొక్కి కట్టిన పత్తి బేలు ఒక్కొక్కటి 170 కిలోల దాకా ఉంటుంది. అందులో నిప్పు రాజుకుంటే నీళ్లు పైపొరను తడుపుతాయే గానీ లోపలికి దిగవు. "పైకి సల్లగనే ఉంటది అక్కా, లోపట కుంపటి లెక్క కాలుతనే ఉంటది" అని తమ్ముడు చెప్పేవాడు. అందుకే ఒక్కొక్క బేలును బయటికి లాగి, కట్లు తెంచి, విప్పి తడపాలి. ఒక రాత్రితో ముగిసే పని కాదది, రెండో రోజు, మూడో రోజు కూడా మళ్లీ రాజుకుంటుంది. మిర్చి నిల్వ చేసిన కోల్డ్ స్టోరేజీ అంటుకుంటే వచ్చే ఘాటు పొగలో బీఏ సెట్ (సిలిండర్ నుంచి ఊపిరికి గాలి అందించే పరికరం) లేకుండా నిమిషం నిలబడటం కూడా కష్టమే. సిలిండర్‌లో గాలి అయిపోయాక తడి తువ్వాలు ముఖానికి చుట్టుకుని బ్రాంచి పైపు పట్టుకున్న రోజులు తన సర్వీసులో ఎన్ని ఉన్నాయో తమ్ముడు లెక్కపెట్టలేదు.

2018 జులై 4న వరంగల్ కాశీబుగ్గ వైపు కోటిలింగాల దగ్గర బాణసంచా కేంద్రంలో జరిగిన పేలుడులో పది మంది దాకా ప్రాణాలు పోగొట్టుకున్నప్పుడు, రాష్ట్ర చట్టం ఎక్కడ ఆగిపోతుందో నాకు మొదటిసారి స్పష్టంగా అర్థమైంది. పేలుడు పదార్థాల లైసెన్సులు 1884 నాటి కేంద్ర చట్టం, 2008 నాటి కేంద్ర నియమాల పరిధిలోకి వస్తాయి. మంట పుట్టిన తర్వాత పరుగెత్తేవాళ్లు మాత్రం రాష్ట్ర ఉద్యోగులు. ఒక్క బిల్లు మీదే కన్నేసి కూర్చుంటే సరిపోదని నేను అనడానికి ఇదొక కారణం.

ఇక నా పుస్తకంలో అన్నిటికంటే ఎక్కువ పేజీలు తీసుకున్నది 2019లో కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు పంపిన నమూనా బిల్లు. 1958లో పంపిన మొదటి నమూనాకు అరవై ఏళ్ల తర్వాత వచ్చిన వారసురాలది. అగ్నిమాపక సేవలు రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో పురపాలికల బాధ్యతల జాబితాలో ఉన్నాయి. ముంబైలో ఇప్పటికీ నగరపాలక సంస్థే ఆ సేవను నడుపుతుంది, మన దగ్గర అది రాష్ట్ర శాఖ. ఇలా రాష్ట్రానికొక తీరుగా ఉన్న ఈ వ్యవస్థలో కేంద్రం చట్టం చేసి రుద్దలేదు, నమూనా పంపి ఎదురుచూడాలి. ఉత్తరప్రదేశ్, హర్యానా 2022లో కొత్త చట్టాలు చేసుకున్నాయి, పంజాబ్ శాసనసభ 2024లో చేసింది. 2023 జులైలో కేంద్రం ప్రారంభించిన 5,000 కోట్ల అగ్నిమాపక ఆధునికీకరణ పథకంలో 500 కోట్లను చట్టపరమైన, మౌలిక సదుపాయాల సంస్కరణలు చేపట్టే రాష్ట్రాలకు ప్రోత్సాహకంగా పక్కన పెట్టారు. కాబట్టి కొత్త చట్టం ఇప్పుడు న్యాయశాస్త్ర విషయమే కాదు, కొత్త ఫైరింజనుతో, కొత్త నిచ్చెన బండితో ముడిపడిన విషయం కూడా.

ఆ నమూనా బిల్లు పేరులోనే 'అగ్నిమాపక, అత్యవసర సేవలు' అని ఉండటం నాకు నచ్చింది. 2023 జులై చివరలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగినప్పుడు, అదే వారంలో హన్మకొండ నయీంనగర్ నాలా ఇళ్ల మీదికి వచ్చినప్పుడు, మోటారు పడవలతో, తాళ్లతో నీళ్లలోకి దిగినవాళ్లలో అగ్నిమాపక సిబ్బంది కూడా ఉన్నారు. బావిలో పడ్డ పశువును తీసేది వాళ్లే, ప్రమాదంలో నుజ్జయిన బస్సు రేకును కోసేది వాళ్లే. చేస్తున్న పనులన్నిటినీ చట్టం పేరుపెట్టి చెప్పాలని అడగడం పట్టింపు కోసం కాదు. శిక్షణకు, పరికరాలకు, గాయపడితే వచ్చే పరిహారానికి ఆధారం ఆ పేరులోనే ఉంటుంది.

తమ్ముడికి మొదట్లో నేను అర్థం చేయించలేకపోయిన విషయం ఒకటుంది. ఫైర్‌మన్ బతుకును నేరుగా తాకే సంగతులలో చాలావరకు బిల్లులలో ఉండవు. నియామక అర్హతలు, పదోన్నతుల వరుస, సీనియారిటీ అన్నీ 309వ అధికరణం కింద చేసే సర్వీసు నియమాలలో ఉంటాయి. హోంగార్డుల రోజువారీ భత్యాన్ని 921 రూపాయల నుంచి 1,000 రూపాయలకు పెంచినది శాసనసభలో చేతులెత్తిన ఓటు కాదు, ప్రభుత్వ నిర్ణయం. అందువల్ల బిల్లు చివర జతచేసే పత్రాలను నేను ప్రధాన పాఠం కంటే శ్రద్ధగా చదువుతాను. ఉద్దేశాలు, కారణాల ప్రకటన అందరూ చదువుతారు, ఆర్థిక పత్రం కొందరు చూస్తారు. 'దత్త శాసనాధికారం' మీద ఇచ్చే పత్రాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఏయే విషయాలను సభ తాను తేల్చకుండా రేపటి నియమావళికి వదిలిపెడుతోందో అక్కడ సెక్షన్ల వారీగా రాసి ఉంటుంది. తనిఖీ ఎన్నాళ్లకొకసారి, బీఏ సెట్లు ఎన్ని, సిబ్బందికి బీమా ఎంత అనేవి ఆ జాబితాలోకి జారిపోయాయంటే, చట్టం వచ్చిన రోజున సంబరపడటానికి ఏమీ లేదని, నియమావళి గడి నిండేదాకా ఆగాలని నేను తమ్ముడికి చెబుతాను. నా అభిప్రాయంలో ప్రతి బిల్లులోనూ నియమాలు ఇన్ని నెలల లోపల చేయాలనే గడువును చట్టంలోనే రాయాలి. అది సభ్యులు అడిగితే చేయగలిగిన సవరణే, ఖజానా మీద ఒక్క రూపాయి కూడా భారం పడదు.

తమ్ముడి ఆరోగ్యం గురించి ఇక్కడ రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. అతనే రాయమన్నాడు. రిటైరయ్యాక రెండో ఏడు మొదలైన దగ్గు తగ్గలేదు, ఊపిరితిత్తుల పరీక్షలు ఒకటి తర్వాత ఒకటి చేయించవలసి వచ్చింది. ఆ ఖర్చుల కోసం పెట్టుకున్న దరఖాస్తు, జబ్బుకూ ఉద్యోగానికీ సంబంధం ఉన్నట్టు ఆధారం జతచేయలేదన్న ఒక్క వాక్యంతో తిరిగివచ్చింది. మంట ఆర్పడానికి వచ్చే ప్రతి పిలుపునూ వాళ్లు 'కాల్' అంటారు. ఆ కాగితం చేత్తో పట్టుకుని, "ఏ కాల్‌ల పోయిందో నా ఊపిరి జెప్పుమంటున్నరక్కా, ఏమని జెప్పాలె?" అని అడిగాడు. మా మరదలు లోపలి గదిలోకి వెళ్లిపోయింది. ముప్పై ఏళ్లు పీల్చిన పొగలో ఏది ఏ రాత్రిదో ఎవరు చెప్పగలరు?

ఇదే ప్రశ్నకు కొన్ని దేశాలు చట్టంతోనే జవాబు చెప్పాయి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1982లో, కెనడాలో మానిటోబా రాష్ట్రం 2002లో చేసిన చట్టాల ప్రకారం, ఆయా చట్టాల షరతులకు సరిపోయే అగ్నిమాపక ఉద్యోగికి క్యాన్సర్ వస్తే, వేరే కారణం రుజువు కానంతవరకు అది ఉద్యోగం వల్లనే వచ్చినట్టు భావించాలి. నిరూపణ భారం జబ్బుపడినవాడి భుజం మీది నుంచి దిగి యాజమాన్యం మీదికి పోతుంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం, అగ్నిమాపక వృత్తిలో ఎదురయ్యే పరిస్థితులు మనిషికి క్యాన్సర్ కలిగిస్తాయని తేల్చి, ఆ వృత్తిని మొదటి వర్గంలో చేర్చింది. విజ్ఞాన శాస్త్రం చెప్పవలసింది చెప్పింది, ఇక చెప్పవలసింది శాసనసభలే.

మన దేశంలో 1923 నాటి పరిహార చట్టం ఫైర్ బ్రిగేడ్ ఉద్యోగులను తన రెండో షెడ్యూలులో పేరుపెట్టి చేర్చింది. మూడో షెడ్యూలులోని వృత్తి వ్యాధుల పట్టికలో పత్తి ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు ఉంది. ఆజంజాహి మిల్లు కార్మికుల ఇళ్ల మధ్య పెరిగిన మాకు ఆ దగ్గు చప్పుడు కొత్త కాదు. మంటలార్పే పని పేరు మాత్రం ఆ పట్టికలో లేదు. ఆ చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన ఆ స్మృతి విస్తృతంగా అమల్లోకి రావడానికి 2025 నవంబరు 21 దాకా ఆగవలసి వచ్చిందంటే, అమలు తేదీ గడి ఢిల్లీలోనూ ఖాళీగా ఉంటుందని తెలుస్తోంది. రాష్ట్రం తన అగ్నిమాపక చట్టాన్ని తిరగరాసుకునే రోజున ఒక అధ్యాయాన్ని సిబ్బంది ఆరోగ్యానికి కేటాయించి, ఏటా వైద్య పరీక్ష, రిటైరయ్యాక కూడా కొన్నేళ్ల వరకు పరీక్ష, పైన చెప్పినట్టు జబ్బు ఉద్యోగం వల్లనే వచ్చినట్టు భావించాలన్న నిబంధన రాయాలని కోరుతూ మా నియోజకవర్గ శాసనసభ్యుడికి, ఒక మండలి సభ్యుడికి రెండు పేజీల వినతిపత్రం ఇచ్చాను. సానుభూతితో విన్నారు. ఇలా ఇంకొందరు ఇవ్వాలి. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఇళ్లలో ఫైర్ సర్వీసు చేసినవాళ్లు ఉంటే వాళ్ల అక్కాచెల్లెళ్లు, పిల్లలు తమ సభ్యులను కలవాలని నా మనవి.

అటువంటి చట్టం వచ్చినా ఉద్యోగి ఎన్నేళ్లు ఏ పొగలో ఉన్నాడో చూపే రికార్డు కావాలి. అందుకే ఈ మధ్య మేమిద్దరం ఆదివారం పొద్దున కూర్చుని తమ్ముడు వెళ్లిన కాల్స్ జాబితా రాస్తున్నాం. అతను చెబుతాడు, నేను రాస్తాను. తేదీ గుర్తులేకపోతే పండుగను పట్టుకుని, పంటను పట్టుకుని, ఇంట్లో ఎవరి పెళ్లినో పట్టుకుని సంవత్సరం తేలుస్తాం. తేలినవాటికి స్టేషన్ రికార్డు నకలు ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాస్తాం. పోయిన ఆదివారానికి నలభై మూడు అయ్యాయి. నలభై నాలుగోది ఒక జిన్నింగ్ మిల్లు. మూడు రోజులు బేళ్లు విప్పారట. అది మా పెద్దమేనకోడలు పుట్టక ముందో తర్వాతో తేలక, మరదలిని అడుగుతానని లేచాడు.